సృష్టి వృత్తాంతమును ఐదుమారులు వ్యాఖ్యానించిన భక్తుడు

చదువవలసిన లేఖన భాగములు: ఆదికాండము 1:1 నుండి 2:15 వరకు, కీర్తన 104, యోహాను 5:17, హెబ్రీయులకు 11:3



పరిశుద్ధ గ్రంథమును తెరువగానే మనకెదురగు మొదటి పుట సృష్టిని గూర్చినది. సండేస్కూలులో పిల్లలు మొదట నేర్చుకొను పాఠమును అదియే. అయితే చాలమందికి మొదటి అభ్యంతరము కలుగుటయు ఆ పుటయొద్దనే. సూర్యుడు నాలుగవ దినమున కలిగెనని వ్రాయబడియుండగా, మొదటి మూడు దినములు ఎట్లు లెక్కకు వచ్చెను? సర్వశక్తుడు ఏడవ దినమున విశ్రమించెనన్నచో ఆయనకును అలసట కలిగెనా? తేళ్లను, పాములను, ముండ్లతుప్పలను ఆయన ఎందుకు కలుగజేసెను? పట్నములో చదువుకొని సెలవులకు వచ్చిన మన పిల్లలు ఈ ప్రశ్నలు అడుగుదురు. పొరుగువారు అడుగుదురు. ఒక్కొక్కప్పుడు మన మనస్సే మనలను అడుగును. జవాబు తోచక కొందరు పెద్దలు కోపపడుదురు. పిల్లలు మారు పలుకరు గాని, మెల్లమెల్లగా ఆరాధనకు రావడము మానుకొందురు.

ఈ ప్రశ్నలు నేడు పుట్టినవి కావు. పదునారువందల ఏండ్ల క్రిందటనే ఒక యౌవనుడు వీటిని విని, తల్లి నేర్పిన విశ్వాసమును విడిచి, తొమ్మిదేండ్లు దారితప్పి తిరిగెను. దేవుడు అతనిని మరల పిలిచెను. పిలువబడిన తరువాత అతడు తన్ను పడద్రోసిన ఆ పుటకే తిరిగి వచ్చి, బ్రదికినంత కాలము దానిని ధ్యానించెను. ఆయనయే భక్తుడైన అగస్టీను. ఆయన జీవితమును ఈ నెల మా చదువరుల ముందుంచుచున్నాము.

తల్లి ప్రార్థన, కుమారుని చదువు

అగస్టీను క్రీ.శ. 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అను చిన్న పట్టణములో జన్మించెను. అది ఆ దినములలో రోమా సామ్రాజ్యమునకు లోబడియుండెను. ఇప్పుడు ఆ స్థలము అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అను పేరుతో నున్నది. తండ్రి పత్రీకియు కొద్దిపాటి భూమిగల గృహస్థుడు. అతడు తన చివరి దినములలో మాత్రమే క్రైస్తవుడయ్యెను. తల్లి మోనికా మాత్రము చిన్ననాటినుండి ప్రభువునెరిగిన స్త్రీ. చంటిబిడ్డకు పాలతోపాటు క్రీస్తు నామమునుకూడ ఆమె త్రాగించెనని చెప్పవచ్చును.

కుమారుడు మిక్కిలి తెలివిగలవాడు. తండ్రికి స్తోమత చాలకపోయినను, ఊరిలోని రొమానియాను అను ధనికుడు సహాయము చేయగా, అతడు పై చదువులకై కార్తేజీ మహాపట్టణమునకు వెళ్లెను. ఆ పట్టణపు ఆకర్షణలలో చిక్కుకొనెను. వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురము చేసి, ఒక కుమారుని కనెను. ఆ బిడ్డకు దేవుని దానమని అర్థమిచ్చు అదెయొదాతు అను పేరు పెట్టెను.

పందొమ్మిదేండ్ల ప్రాయములో సిసిరో వ్రాసిన ఒక గ్రంథము అతని చేతికి వచ్చెను. ఐశ్వర్యముకంటె జ్ఞానమును వెదకుట మేలని ఆ గ్రంథము అతనికి బోధించెను. ఆ ఆశతో పరిశుద్ధ లేఖనములను తెరచి చూచెను. అయితే ఆ కాలపు లాటిను తర్జుమా పండితుల భాషలో లేదు. అలంకార శాస్త్రమునకు అలవాటుపడిన అతని చెవికి అది మోటుగా తోచెను. ఆ ద్వారము ఎత్తు తక్కువగలది, తలవంచినవారికేగాని లోపలికి దారి లేదు. అతడు తల వంచక వెనుదిరిగెను.

వెక్కిరించువారి వలలో

ఆ సమయములోనే మానీయులను వారు అతనిని పట్టుకొనిరి. మూడవ శతాబ్దములో పారసీక రాజ్యములో బోధించిన మానీ అనువాడు ఆ మతమునకు కర్త. వెలుగు, చీకటి అను రెండు నిత్యశక్తులు ఉన్నవనియు, అవి పోరాడుకొనగా వెలుగులోని కొంత భాగము చీకటిలో చిక్కుబడెననియు, ఈ లోకమందలి పదార్థమంతయు ఆ కలయికయే అనియు వారు బోధించిరి. వారి దృష్టిలో శరీరము చెడ్డది, మన్ను చెడ్డది, బిడ్డలను కనుట చెడ్డది. వారిలో శ్రేష్ఠులనబడినవారు దున్నరు, విత్తరు, పండు కోయరు. చెట్టునుండి కాయను త్రుంచినచో అందులో బంధింపబడిన వెలుగునకు గాయమగునని వారి నమ్మకము. కావున సేద్యము వారికి హత్యవంటిది. అయినను తినక బ్రదుకలేరు గనుక, ఆ పాపమును తమ శిష్యులచేత చేయించి, వారు తెచ్చిపెట్టిన భోజనమును భుజించుచుండిరి.

అట్టివారికి ఆదికాండము కంటకమైయుండుట సహజము. దేవుడు భూమిని, చెట్లను, జంతువులను చూచి మంచివని యెంచెనని అందులో నున్నది. అందుచేత వారు దానిని వెక్కిరించిరి. లోకమును చేయకమునుపు దేవుడు ఏమి చేయుచుండెనని అడిగిరి. వెలుగు కలుగకమునుపు ఆయన చీకటిలో కూర్చుండెనా అనిరి. నరుడు దేవుని స్వరూపమందు చేయబడినచో దేవునికిని వెండ్రుకలు, గోళ్లు ఉన్నవా అని నవ్విరి. వీటికి జవాబు చెప్పగలవారు అగస్టీనుకు అప్పుడు కనబడలేదు. తల్లి చెప్పిన దేవుడు పామరుల దేవుడని తలంచి, అతడు మానీయులలో చేరిపోయెను. మోనికా చనిపోయిన బిడ్డకొరకు ఏడ్చు తల్లివలె కుమారునికొరకు రాత్రింబగళ్లు కన్నీళ్లు విడిచెను.

తొమ్మిదేండ్లు గడచెను. అగస్టీను ఈలోగా ఖగోళశాస్త్రము చదివెను. సూర్యచంద్రుల గ్రహణములు ఏ దినమున, ఏ గంటకు, ఎంత భాగము పట్టునో శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు ముందుగానే లెక్కగట్టుటయు, ఆ లెక్క తప్పకుండ జరుగుటయు చూచెను. మానీ గ్రంథములలోనో, నక్షత్రములను గూర్చి పెద్ద పెద్ద మాటలున్నవి గాని, వాటిలో ఒక్కటియు ఆ లెక్కలతో సరిపోలేదు. ఫౌస్తు అను మహా బోధకుడు వచ్చి సందేహములన్నియు తీర్చునని మానీయులు చెప్పుచుండిరి. 383 ప్రాంతమున ఆ ఫౌస్తు కార్తేజీకి వచ్చెను. మాట మధురము, మనిషి మర్యాదస్థుడు. అయితే ప్రశ్న అడుగగా తనకు ఆ శాస్త్రము తెలియదని ఒప్పుకొనెను. అగస్టీనుకు ఆ మతమందు ఆశ అడుగంటెను. తెలియని సంగతిని దేవుని పేర తెలిసినట్లు చెప్పువాని మాటను, తెలిసిన సంగతులలోకూడ ఎవరును నమ్మరని అతడు నాడు నేర్చుకొనెను. ఈ పాఠము తరువాత మరల మనకు కనబడును.

మిలాను పట్టణములో

ఆ సంవత్సరమే అతడు తల్లికి చెప్పక ఓడ యెక్కి రోమాకు పోయెను. 384లో మిలాను పట్టణములో అలంకార శాస్త్ర బోధకుడుగా నియమింపబడెను. అక్కడి బిషప్పు అంబ్రోసు గొప్ప ప్రసంగీకుడు. అతని వాక్చాతుర్యమును పరీక్షించుటకే అగస్టీను దేవాలయమునకు పోయెను. అయితే మాటల వెంబడి సత్యముకూడ అతని హృదయములో ప్రవేశించెను. దేవునికి మనవలె దేహము లేదనియు, ఆయన స్వరూపమనగా కన్నులు, చేతులు కావనియు, దేవుని నెరిగి ఆయనను ప్రేమింపగల ఆత్మయందే ఆ పోలికను వెదకవలెననియు అతడు గ్రహించెను. తాను ఇన్నేండ్లు ఎగతాళి చేసినది క్రైస్తవుల విశ్వాసమును గాదు, క్రైస్తవులు ఎన్నడును నమ్మని ఒక బొమ్మను అని తెలిసికొని సిగ్గుపడెను.

కీడును గూర్చిన చిక్కుముడియు మెల్లగా విడెను. కీడు అనునది దేవునికెదురుగా నిలిచిన మరియొక పదార్థము గాదు. వెలుగు లేమి చీకటియైనట్లు, ఆరోగ్యము చెడుట రోగమైనట్లు, మంచిది చెడిపోవుటయే కీడు. దేవుడు చేసినదంతయు మంచిదే. ఆ మంచిని మన చిత్తము వంకరచేసినది. ఇంతవరకు మనస్సు ఒప్పుకొనెను గాని జీవితము మారలేదు. 386వ సంవత్సరము వేసవిలో ఒక తోటలో అతడు కన్నీళ్లతో పొర్లుచుండగా, ఇంటి ప్రక్కనుండి తీసికొని చదువుమను బాలస్వరమొకటి వినబడెను. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను తెరచి, పదమూడవ అధ్యాయములో తన కన్ను పడిన చోట చదివెను. ఆ గడియలోనే అతని సంకెళ్లు తెగెను.

387 ఈస్టరు పండుగ రాత్రి అగస్టీను, అతని కుమారుడు అదెయొదాతు, స్నేహితుడు అలీపియు అంబ్రోసుచేత బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమే, స్వదేశమునకు తిరిగిపోవు మార్గములో ఓస్తియా రేవునందు మోనికా ప్రభువునందు నిద్రించెను. ఆమె ప్రార్థనకు ప్రతిఫలము చూచియే పోయెను.

పామరులకొరకు వ్రాసిన గ్రంథము

అగస్టీను 388లో ఆఫ్రికాకు తిరిగివచ్చి, తగాస్తెలో కొందరు సహోదరులతో కలిసి ప్రార్థనయందును పఠనమందును జీవించెను. అక్కడనే అతని యేకైక కుమారుడు పదునేడేండ్లు నిండీ నిండకమునుపే మరణించెను. ఆ కాలమందు ఆదికాండము మొదటి అధ్యాయములకు తన మొదటి వ్యాఖ్యానమును రెండు భాగములుగా వ్రాసెను. తాను ఇంతకుముందు వ్రాసిన గ్రంథములు చదువురాని విశ్వాసులకు అర్థమగుట లేదని కొందరు స్నేహితులు చెప్పగా, మానీయుల ఎగతాళికి ముందుగా గురియగుచున్నది అట్టివారే గదా యని తలంచి, సామాన్యులు మాటలాడుకొను సులభమైన భాషలో ఈ గ్రంథమును వ్రాసెను. పూర్వము మోటుభాషయని లేఖనమును విడిచిన పండితుడే ఇప్పుడు పామరులకొరకు తన పాండిత్యమును ప్రక్కనబెట్టెను. మారుమనస్సు అనగా ఇది గదా!

ఆ గ్రంథములోని ఒక ఉపమానము మన పల్లెలలో అందరికి తెలియును. పనివాని దుకాణములోనికి ఆ పని తెలియనివాడొకడు వచ్చును. అక్కడ పలువిధములైన పనిముట్లు చూచి, ఇవన్నియు ఎందుకని తలంచును. కొలిమిలో కాలుపెట్టి కాల్చుకొన్నను, పదునైన సాధనమును పట్టి చేయి కోసికొన్నను, ఇవి హాని చేయునవని నిందించును. పనివాడో, ప్రతిదాని ఉపయోగము ఎరిగినవాడు గనుక, అతని మాటకు నవ్వి తన పని తాను చేసికొనును. సృష్టియందు మనము ఆ క్రొత్తవానివంటివారము. ఎలుకలు, కప్పలు, ఈగలు ఎందుకు చేయబడెనో తనకు తెలియదని అగస్టీను దాపరికము లేక చెప్పెను. అయినను ప్రతి ప్రాణియందును కొలత, అవయవముల పొందిక, క్రమము చూచినప్పుడు చేసినవాని హస్తము కనబడుచున్నదనెను.

లోకమును చేయకమునుపు దేవుడు ఏమి చేయుచుండెనను ప్రశ్నకును ఆయన జవాబు నిచ్చెను. కాలము కూడ దేవుడు చేసినదే. సృష్టి లేనప్పుడు మార్పు లేదు, మార్పు లేనప్పుడు కాలము లేదు. కాలమే లేనిచోట ముందు అను మాటకు అర్థము లేదు. ఇట్లు అడిగిన వారికి పూర్వమొకరు, లోతైన సంగతులలో తలదూర్చువారికొరకు దేవుడు నరకమును సిద్ధపరచుచుండెనని హాస్యముగా బదులిచ్చిరట. అగస్టీను అట్టి జవాబును తానియ్యననెను. నిజముగా అడిగినవానిని నవ్వులపాలు చేయుటకంటె, తెలియనిచోట తెలియదని ఒప్పుకొనుటయే మేలని ఆయన యెంచెను.

హిప్పో సంఘములో

391లో హిప్పో అను సముద్రతీర పట్టణమునకు ఆయన ఒక పనిమీద వెళ్లెను. అది ఇప్పటి అల్జీరియాలోని అన్నాబా. అక్కడి బిషప్పు వలేరియు వృద్ధుడు. తనకొక సహాయకుడు కావలెనని ఆయన సంఘముతో చెప్పగానే, జనులు అగస్టీనును పట్టుకొని ముందుకు తెచ్చి అభిషేకింపుమని పట్టుబట్టిరి. అగస్టీను కన్నీరు కార్చెను. వాక్యమును చదువుకొనుటకు కొంత గడువు కావలెనని వేడుకొనెను. మరుసటి సంవత్సరము ఫోర్తునాతు అను మానీయ బోధకునితో ఆ పట్టణములో రెండు దినములు బహిరంగ వాదము జరుగగా, తుదకు జవాబు చెప్పలేక అతడు ఊరు విడిచిపోయెను. 395, 396 ప్రాంతమున అగస్టీను బిషప్పుగా నియమింపబడి, మరణమువరకు ముప్పది నాలుగేండ్లకు పైగా ఆ యొక్క సంఘమునే కాచెను.

వాదములో గెలిచిన ఈ దైవజనుడు వ్రాతలో ఓడిపోయెనని వినుట మనకు మేలు. 393లో ఆదికాండమును ఉన్నదున్నట్లుగా, అక్షరార్థముగా వివరింపబూనెను. నరుని సృజించు భాగమునొద్దకు వచ్చులోగానే ఆ బరువు తాను మోయలేనని తెలిసికొని, కలము క్రింద పెట్టెను. అనేక సంవత్సరముల తరువాత ఆ అసంపూర్ణ గ్రంథము మరల చేతికి దొరకగా, చించివేయుదునా యని తలంచి, తుదకు తన ప్రారంభ ప్రయత్నమునకు సాక్ష్యముగా దానిని ఉంచెను. 397, 401 సంవత్సరముల మధ్య తన జీవితమునంతయు దేవునియెదుట ఒప్పుకొనుచు పదుమూడు భాగముల గ్రంథము వ్రాసెను. అందులో చివరి మూడు భాగములు ఆదికాండము మొదటి అధ్యాయముమీది ధ్యానమే. తన పాపపు కథను చెప్పుకొనినవాడు లోకసృష్టితో ముగించుట చదువరులకు వింతగా తోచును. అయితే శూన్యమునుండి లోకమును చేసినవాడే చెడిన హృదయమును నూతనముగా సృజింపగలవాడు. ఆ రెండు కథలు ఒకటేయని అగస్టీను ఎరుగును.

పదునాలుగేండ్ల కృషి

ఓడిన పనిని ఆయన మరల ఎత్తుకొనెను. 401 ప్రాంతమున ప్రారంభించి, 415 ప్రాంతమున ముగించిన ఆ అక్షరార్థ వ్యాఖ్యానము పండ్రెండు భాగములు గలది. సంఘ తగవులు తీర్చుచు, బీదలను పోషించుచు, ప్రసంగములు చేయుచు, రాత్రివేళలందు వ్రాయించుచు పదునాలుగేండ్లు పనిచేసెను. త్వరగా ప్రకటింపుమని స్నేహితులు తొందరపెట్టినను ఆయన తొందరపడలేదు.

ఆయన కనుగొనినవి కొన్ని చెప్పుదుము. సూర్యుడు లేని మూడు దినములను గూర్చి ఆలోచించి, ఆ ఆరు దినములు మన దినములవంటివి కాకపోవచ్చునని ఆయన తలంచెను. ఒకచోట పగలైనప్పుడు మరియొకచోట రాత్రియగును గదా, అట్లయిన భూమియంతటికి ఒకటే సాయంకాలము, ఒకటే ఉదయము ఎట్లుండునని ప్రశ్నించెను. దేవుడు సమస్తమును ఒక్కసారిగా సృజించెననియు, మన గ్రహణశక్తికి అందునట్లు అది దినముల క్రమములో చెప్పబడెననియు ఆయన అభిప్రాయము. సంస్కర్తలైన లూథరు, కాల్విను అగస్టీనును మిక్కిలి గౌరవించినవారే. అయినను ఈ విషయమందు వారు ఆయనతో ఏకీభవింపక, ఆరు దినములను సాధారణ దినములుగానే బోధించిరి. దేవుడే సృష్టికర్త అనుటలో వారికి భేదము లేదు. దినములను గూర్చి మాత్రము భక్తులు ఒకరితోనొకరు భేదించియు ఒకే ప్రభువును సేవించిరి.

అలసట ప్రశ్నకు ఆయన జవాబు మరింత తేట. దేవుడు విశ్రమించుట అనగా క్రొత్త జాతులను సృజించుట చాలించుటయే గాని, చేసినదానిని విడిచి కూర్చుండుట గాదు. తండ్రి ఇప్పటివరకును పనిచేయుచున్నాడని యేసు ప్రభువు బోధించెను. ఆయన ఒక్క క్షణము చేయి తీసినచో లోకము నిలువదు. ఇల్లు కట్టిన మేస్త్రి వెళ్లిపోయినను ఇల్లు నిలుచును, లోకమట్లు గాదు.

ఈ గ్రంథములో ఒక హెచ్చరిక కలదు. భూమిని, ఆకాశమును, నక్షత్రముల చలనమును, గ్రహణములను గూర్చి అవిశ్వాసులుకూడ లెక్కవలనను పరిశీలనవలనను నిశ్చయముగా ఎరిగిన సంగతులు అనేకము కలవు. క్రైస్తవుడొకడు ఆ సంగతులు తెలియకయే, లేఖనము ఇట్లు చెప్పుచున్నదని వాటిని గూర్చి తప్పుగా మాటలాడినచో వినువారు నవ్వుదురు. ఆ మనుష్యుని చూచి నవ్వుట పెద్ద నష్టము కాదు. మన గ్రంథకర్తలే అట్లు బోధించిరని తలంచి, వారు చెప్పిన పునరుత్థానమును, నిత్యజీవమును కూడ నమ్మక నశించుదురు. అదియే నష్టము. ఫౌస్తునొద్ద తాను నేర్చుకొనిన పాఠమును అగస్టీను ఇప్పుడు స్వజనులకు బోధించెను. ఒకే లేఖనమునకు విశ్వాసమునకు భంగము లేని అర్థములు రెండు మూడు తోచినప్పుడు, ఒకదానిని మొండిగా పట్టుకొనరాదని ఆయన చెప్పెను. అది తప్పని రేపు తేలినచో, మన అర్థముతోపాటు మనమును పడుదుము. అప్పుడు మనము పోరాడినది లేఖనము కొరకు గాదు, మన సొంత అభిప్రాయము కొరకు.

ఆ వ్యాఖ్యానములో తాను కనుగొనినవాటికంటె అడిగిన ప్రశ్నలే ఎక్కువయనియు, కనుగొనినవాటిలో స్థిరపడినవి తక్కువయనియు ఆయన వృద్ధాప్యములో ఒప్పుకొనెను. భూమికి ఆవలి వైపున మనుష్యులు నివసించుచున్నారను మాటను ఆయన నమ్మలేదు. అందులో ఆయన పొరబడెనని ఓడప్రయాణములు తరువాత ఋజువుచేసినవి. భక్తులును నేర్చుకొనుచుండువారే.

విత్తనము, సేద్యము

సేద్యము చేసికొను మన సంఘస్థులకు ఈ గ్రంథములో రెండు సంగతులు ప్రత్యేకముగా రుచించును. మొదటిది విత్తనమును గూర్చినది. ఒక చెట్టును చూడుము. వేరు, మ్రాను, కొమ్మలు, ఆకులు, పండ్లు, ఇవన్నియు ఒకనాడు చిన్న గింజలో కంటికి కనబడక దాగియుండెను. ఆ గింజలో నున్నది పరిమాణము గాదు, శక్తి. అట్లే దేవుడు ఆదియందు ఈ లోకములో రాబోవు సమస్తమునకు కారణములను విత్తనములవలె ఉంచెననియు, అవి ఆయన నియమించిన కాలమందు ఆయన పాలనచేత బయలుపడుచున్నవనియు అగస్టీను వివరించెను. వరి మొలకను చేత పట్టుకొనిన రైతుకు ఈ బోధ వ్యాఖ్యానము లేకయే అర్థమగును.

రెండవది ఏదెను తోటను గూర్చినది. దేవుడు ఆదామును తోటలో ఉంచినది దానిని సేద్యపరచుటకును కాచుటకును అని ఆదికాండము రెండవ అధ్యాయము తెలుపుచున్నది. పాపము రాకముందే పని యున్నదన్నమాట. శాపముగా వచ్చినది ముండ్లు, చెమట, కష్టము గాని, సేద్యము గాదు. ఏదెనులో సేద్యము ఆనందమైయుండెనని అగస్టీను వ్రాసెను. విత్తనము చల్లునప్పుడు, కొమ్మ నాటునప్పుడు, అంటు కట్టునప్పుడు, నరుని బుద్ధి సృష్టితో సంభాషించుచు, ఈ వేరునకు ఏమి శక్తి యున్నది, ఈ మొలకకు ఏది చాలదు అని అడుగుచున్నట్లుండును. నాటువాడును నీళ్లు పోయువాడును కాక, వృద్ధి కలుగజేయు దేవుడే ముఖ్యుడని అప్పుడు మనకు తెలియును. దున్నుటను హత్యయని బోధించిన మతములో తొమ్మిదేండ్లున్నవాడు ఈ మాటలు వ్రాసెనని మరువకుడి. మన్ను చెడ్డది గాదు. మన్ను ముట్టిన చేయి తక్కువది గాదు.

అంత్యదినములు

410లో గోతు జనులు రోమా నగరమును కొల్లగొట్టగా లోకమంతయు దిగులుపడెను. అగస్టీను 413 మొదలు సుమారు 426 వరకు శ్రమించి, దేవుని పట్టణమును గూర్చి ఇరువది రెండు భాగముల గ్రంథము వ్రాసెను. అందులో పదునొకండవ భాగమున ఐదవమారు సృష్టి వృత్తాంతమునకు తిరిగి వచ్చెను. మనుష్యులు కట్టిన పట్టణములు కూలును. ఆదియందు సమస్తమును చేసినవాని పట్టణము నిలుచును. వృద్ధాప్యములో తన గ్రంథములు తొంబది మూడింటిని మరల చదివి, ఎక్కడెక్కడ సరిదిద్దవలెనో మరియొక గ్రంథముగా వ్రాసిపెట్టెను.

429లో వాండలులను జనులు సముద్రము దాటి ఆఫ్రికాపై పడిరి. 430లో హిప్పోను ముట్టడించిరి. సంఘములు కాలిపోవుచుండ, పారిపోయి వచ్చినవారితో పట్టణము నిండెను. ముట్టడి మూడవ నెలలో అగస్టీనుకు జ్వరము వచ్చెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి, మంచమునకెదురుగా గోడకు అంటింపజేసి, వాటిని చదువుచు కన్నీరు విడిచెను. చివరి పది దినములు వైద్యులును, ఆహారము తెచ్చువారును తప్ప ఎవరును రాకుండ ప్రార్థనలో గడిపెను. 430 ఆగస్టు 28న డెబ్బదియైదేండ్ల ప్రాయములో ప్రభువునందు నిద్రించెను. ఇచ్చుటకు ఆస్తి లేదు గనుక వీలునామా వ్రాయలేదు. సంఘమునకు చెందిన పుస్తకములను మాత్రము జాగ్రత్తగా కాపాడుమని చెప్పెను. ఈ వివరములను ఆయన స్నేహితుడును శిష్యుడునైన పొస్సీదియు వ్రాసియుంచెను.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది, ప్రశ్న అడిగిన బిడ్డను గద్దింపకుడి. అగస్టీను దారితప్పినది ప్రశ్న అడిగినందున గాదు. ఆ ప్రశ్నను వినువారు అతనికి దొరకనందున. తెలిసినది చెప్పుడి, తెలియనిది తెలియదని ఒప్పుకొనుడి, కలిసి వాక్యము చదువుడి. మోనికావలె ప్రార్థింపుడి.

రెండవది, మొదటి అధ్యాయము ముఖ్యముగా చెప్పుచున్నదానిని గట్టిగా పట్టుకొనుడి. దేవుడొక్కడే ఆదియందున్నవాడు. ఆయన తన వాక్యముచేత సమస్తమును కలుగజేసెను. కలిగినదంతయు మంచిది. నరుడు ఆయన స్వరూపమందు చేయబడెను. ఇందులో ఏ ఒక్కటి విడిచినను మన విశ్వాసము నిలువదు. దినముల పొడవువంటి సంగతులలో సహోదరులు భేదించినచో, ఒకరినొకరు త్రోసివేయక ప్రేమతో సహింపుడి.

మూడవది, ఏడవ దినమును జ్ఞాపకము చేసికొనుడి. మిగిలిన ఆరు దినములకును అస్తమయము చెప్పబడినది గాని, ఏడవ దినమునకు సాయంకాలము చెప్పబడలేదని అగస్టీను గమనించెను. దేవుని ప్రజలకు నియమింపబడిన విశ్రాంతికి అంతము లేదు. పొలమునుండి అలసివచ్చిన మనకు ఆ దినము సిద్ధముగా నున్నది.

ప్రార్థన: భూమ్యాకాశములకు కర్తవైన తండ్రీ, నీవు చేసినదానిలో మేము ఎరుగనిది బహు విస్తారము. ఎరిగినదానిలో నిన్ను స్తుతించుటకును, ఎరుగనిదానిలో నిన్ను నమ్ముటకును మాకు తగ్గింపు దయచేయుము. సందేహములతో మాకు దూరమైన మా బిడ్డలను తిరిగి రప్పింపుము. మా చేతుల పనిని స్థిరపరచుము. యేసు క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.